10 మంది లేకపోతే ప్రాణానికి లెక్క లేదా?

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల్లో గల్ఫ్ సంపాదనతో లేచిన ఇళ్లు చాలా ఉన్నాయి. ఇలాంటి ఇళ్లను ఎక్కువగా కట్టేది చిన్న మేస్త్రీలే. సామాను ఓనర్‌ది. మేస్త్రి చదరపు అడుగుకు ఇంతని కూలి గుత్తకు ఒప్పుకుంటాడు. ఆ రేటులో హెల్మెట్, బెల్టు, గట్టి పరంజా ఖర్చు ఉండదు.

అసలు చిక్కు చట్టంలోనే ఉంది. 1996 నాటి నిర్మాణ కార్మికుల చట్టం 10 మంది, ఆపైన పనిచేసే చోట్లకే వర్తించింది. 2020 వృత్తి భద్రతా కోడ్ కూడా అదే గీత గీసింది. ఆరుగురితో స్లాబ్ పోసే మేస్త్రి ఈ గీతకు బయటే ఉంటాడు. కూలీ జారిపడితే ఓనర్ తప్పుకుంటాడు, దవాఖాన ఖర్చుకు మేస్త్రి అప్పు చేస్తాడు. ఇద్దరూ దళితవాడ వాళ్లే అయితే పెద్దమనుషుల పంచాయతీలో వాళ్ల తరఫున మాట్లాడేవాళ్లు తక్కువ.

మేమనేది ఇదే. గుత్త మాట్లాడేటప్పుడే భద్రత ఖర్చు విడిగా రాయించుకోవాలి. కరెంటు తీగల దగ్గర చువ్వలు ఎత్తేముందు లైన్ ఆపించాలి. ఏడాదిలో 90 రోజులు పనిచేసిన, 18 నుంచి 60 ఏళ్ల లోపు ప్రతి కూలీ సంక్షేమ బోర్డు కార్డు తీసుకోవాలి. ప్రమాదం జరిగితే బోర్డు సాయానికి ఆ కార్డే ఆధారం. నిర్మాణ ఖర్చుపై వసూలయ్యే 1 శాతం సెస్సుతో నడిచే నిధి అది. అది దయ కాదు, హక్కు.