ఇటలీ కొండ పల్లెలు - వాటి అందం, వాటి కథ

ఇటలీ అనగానే మనకు రోమ్ నగరం, ఒరిగిన పీసా గోపురం గుర్తుకు వస్తాయి. కానీ ఆ దేశంలో మైదానం పావు వంతు కూడా లేదు. మిగిలినదంతా కొండలు, పర్వతాలే. ఆ కొండల కొమ్మున గద్ద గూళ్ళలా రాతి ఇళ్ళు ఒకదానినొకటి ఆనుకొని ఉంటాయి. ఇలాంటి పాత పల్లెను అక్కడివారు 'బోర్గో' అంటారు. వీటిని చూడటానికి దేశదేశాల నుంచి యాత్రికులు వస్తారు. ఈ అందం ఎలా పుట్టిందో, దాని వెనుక ఎవరి కష్టం ఉందో తెలుసుకుందాం.

కొండ పైనే ఎందుకు?

అందం కోసం ఎవరూ కొండెక్కి ఇల్లు కట్టుకోరు. మొదటి కారణం భయం. దండెత్తి వచ్చేవారు, సముద్రపు దొంగలు దూరం నుంచే కనపడాలి. రెండవది జబ్బు. పల్లపు నేలల్లోని బురద మడుగుల వల్ల జ్వరాలు వచ్చేవి. 'చెడు గాలి' అని అర్థమిచ్చే ఇటాలియన్ మాటల నుంచే 'మలేరియా' అనే పేరు పుట్టింది. మూడవది సేద్యం. ఉన్న కాస్త చదును నేలను ఇళ్ళకు పోగొట్టుకోలేరు కదా!

కొండ మీద చోటు తక్కువ కాబట్టి సందులు ఇరుకు. ఆ ఇరుకే ఎండాకాలంలో నీడనిస్తుంది. ఊరి నడుమ చర్చి, దాని ముందు నలుగురూ కూర్చుని మాట్లాడుకునే ఖాళీ స్థలం ఉంటాయి. దానిని 'పియాజ్జా' అంటారు. వాలు నేలల్లో సున్నం, సిమెంటు లేకుండా రాయి మీద రాయి పేర్చి గట్లు కట్టి, మెట్లు మెట్లుగా ఆలివ్, ద్రాక్ష తోటలు వేశారు. ఈ రాతి గోడల విద్యను 2018లో యునెస్కో మానవజాతి వారసత్వంగా గుర్తించింది. ఆ గోడలు పేర్చిన రైతుల, కూలీల పేర్లు మాత్రం ఎక్కడా లేవు.

అందం కూడు పెట్టలేదు

రోడ్డు లేదు, ఆస్పత్రి దూరం, పొలం చిన్నది. మధ్య ఇటలీలో చాలామంది రైతులకు సొంత భూమే లేదు. పండినదానిలో సగం భూస్వామికి ఇచ్చుకోవాలి. ఇలాంటి కొత్త ఒప్పందాలను 1964లో చట్టం నిషేధించే వరకు ఈ పద్ధతి సాగింది. అందుకే జనం ఊళ్ళు విడిచారు. 1876 నుంచి 1915 వరకు సుమారు 1 కోటి 40 లక్షల మంది ఇటలీ నుంచి వలస పోయారు. రెండవ ప్రపంచ యుద్ధం తర్వాత ఎందరో బెల్జియం బొగ్గు గనులకు వెళ్ళారు. 1956 ఆగస్టు 8న మార్సినెల్ గనిలో చెలరేగిన మంటల్లో 262 మంది చనిపోతే, వారిలో 136 మంది ఇటలీవారే.

ఊళ్ళలో తాళాలు మిగిలాయి. 2008లో సిసిలీ ద్వీపంలోని సాలెమి పట్టణం పాడుబడిన ఇళ్ళను ఒక్క యూరోకే ఇస్తామని ప్రకటించింది. కొన్నవారు వాటిని బాగు చేయించాలన్నది షరతు. తర్వాత మరెన్నో ఊళ్ళు అదే దారి పట్టాయి. రోమ్‌కు ఉత్తరాన ఉన్న చివితా ది బాఞోరెజో మెత్తని రాతి గుట్ట మీద ఉంది. గుట్ట అంచులు విరిగి పడుతుంటాయి. ఊళ్ళోకి వెళ్ళడానికి కాలి వంతెన ఒక్కటే దారి. ఏడాది పొడుగునా ఉండేవారు చాలా కొద్దిమంది. చూడవచ్చేవారు మాత్రం లక్షలు. 2013 నుంచి ఊళ్ళో అడుగు పెట్టడానికి టికెట్ కూడా పెట్టారు.

ఒక కొండ పల్లె బడి

మనం ముఖ్యంగా తెలుసుకోవలసిన పల్లె మరొకటి ఉంది. దాని పేరు బార్బియానా. ఫ్లోరెన్స్ నగరానికి ఉత్తరాన కొండ వాలులో ఒక చర్చి, చెదురుమదురుగా కొన్ని ఇళ్ళు. 1954 చివరలో లొరెంజో మిలానీ అనే ఫాదర్ అక్కడికి వచ్చేనాటికి కరెంటు లేదు, సరైన రోడ్డు లేదు. పేద రైతుల పిల్లల కోసం ఆయన అక్కడే బడి పెట్టారు. రోజుకు పన్నెండు గంటల చదువు. సెలవులు లేవు. పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు చెప్పేవారు. అందరూ కలిసి వార్తాపత్రిక చదివి చర్చించేవారు. వెనుకబడిన పిల్లవాడి కోసం మిగతావారు ఆగేవారు.

1967లో ఆ బడి విద్యార్థులు ఎనిమిది మంది కలిసి 'ఒక టీచరమ్మకు ఉత్తరం' అనే పుస్తకం రాశారు. సర్కారు బడుల్లో తప్పుతున్నదీ, చదువు మానేస్తున్నదీ ఎక్కువగా రైతుల, కూలీల పిల్లలేనని లెక్కలు వేసి చూపించారు. లోపం పిల్లల తెలివిలో లేదని, వారిని వదిలేస్తున్న బడిలో ఉందని వాదించారు. ఆ పుస్తకం దేశమంతటా చర్చ లేపింది. ఎన్నో భాషల్లోకి అనువాదమైంది. అదే ఏడాది జూన్‌లో మిలానీ 44 ఏళ్ళ వయసులో మరణించారు. 2017లో పోప్ ఫ్రాన్సిస్ ఆ కొండ మీదికి వెళ్ళి ఆయనకు నివాళులర్పించారు.

మిత్రులారా! మనలో చాలామందిమి చదువు కోసం ఊరు విడిచి హాస్టల్‌కు వచ్చినవాళ్ళమే. మన పెద్దలు కట్టిన గోడల మీద కూడా వాళ్ళ పేర్లు లేవు. బార్బియానాలో గొప్ప కోట లేదు, చూడదగ్గ శిల్పాలు లేవు. అయినా ప్రపంచం ఆ పల్లెను గుర్తు పెట్టుకుంది. అక్కడి పేద పిల్లలు తమ బతుకును తామే లెక్కగట్టి, తమ మాటల్లో రాసుకున్నారు. మనమూ చదువుదాం, వెనుకబడిన తోటివాడి కోసం ఆగుదాం, మన ఊరి కథ మనమే రాద్దాం.