గాజులో సోడా చేసే పని

జమ్మికుంట పత్తి మార్కెట్ దగ్గర మనం చాయ్ తాగే గాజు గ్లాసులో 70 శాతానికి పైగా ఇసుకే (సిలికా). సోడా (సోడియం ఆక్సైడ్) 12 నుంచి 15 శాతం. మిగిలిన దాంట్లో ఎక్కువ భాగం సున్నం. గ్లాసు గుణాన్ని చాలావరకు నిర్ణయించేది మాత్రం ఆ కొద్దిపాటి సోడాయే.

శుద్ధమైన సిలికా కరగాలంటే సుమారు 1,700 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. అందులో సిలికాన్ పరమాణువులను ఆక్సిజన్ పరమాణువులు వంతెనల్లా కలుపుతూ ఉంటాయి. సోడా, పొటాష్ వంటి క్షార ఆక్సైడ్లు (క్షార లోహం, ఆక్సిజన్ కలిసిన పదార్థాలు) చేరితే ఆ వంతెనలు కొన్ని తెగుతాయి. అల్లిక వదులై, గాజు తక్కువ వేడికే లొంగుతుంది.

ఈ విద్య మన ప్రాంతానికి పాతదే. పెద్దపల్లి వైపు పెద్దబంకూరు, ధూళికట్ట తవ్వకాల్లో సాతవాహనుల కాలపు గాజు పూసలు దొరికాయి. దక్షిణ భారతపు పాత పూసల్లో సోడా, అల్యూమినా ఎక్కువగా ఉన్న గాజు విరివిగా కనిపిస్తుంది. చౌడు నేల మీద తెల్లగా పేరుకునే క్షారమే ఆ సోడాకు మూలమని పరిశోధకుల అభిప్రాయం. ఆ క్షారం గాజుకు పనికొస్తుందని ఆనాటి వాళ్లు గుర్తించడం వెనుక ఎంత ఓపిక ఉండి ఉంటుందో!

అయితే వంతెనలు తెగినందుకు నష్టమూ ఉంది. సున్నం లేకుండా సోడా, ఇసుక మాత్రమే కరిగిస్తే నీటిలో కరిగిపోయే గాజు వస్తుంది. వదులైన అల్లిక వేడికి ఎక్కువ సాగుతుంది కూడా. చలికాలం పొద్దున చల్లటి గ్లాసులో మరిగే చాయ్ పోస్తే లోపలి వైపు ముందుగా సాగుతుంది, బయటి వైపు సాగదు. ఆ లాగుడుకే గ్లాసు పగులుతుంది. సోడా బాగా తగ్గించి బోరాన్ ఆక్సైడ్ కలిపిన బోరోసిలికేట్ గాజు మామూలు గాజు సాగేదాంట్లో మూడో వంతే సాగుతుంది. ప్రయోగశాల పరికరాలకు అది వాడేది అందుకే.

ఎంత క్షారం అన్నదే కాదు, ఏ క్షారం అన్నదీ ముఖ్యమే. చేతిలోని ఫోన్ దీనికి రుజువు. సోడియం ఉన్న ప్రత్యేకమైన గాజు పలకను సుమారు 400 డిగ్రీల దగ్గర, కరిగిన సురేకారంలో (పొటాషియం నైట్రేట్‌లో) గంటల తరబడి ముంచుతారు. పైపొరలోని సోడియం అయాన్లు (విద్యుదావేశమున్న పరమాణువులు) బయటికి పోయి, వాటి చోట్లలోకి అంతకన్నా పెద్దవైన పొటాషియం అయాన్లు దూరతాయి. దాంతో పైపొర బిగుసుకుపోతుంది. పగులు తెరుచుకోవాలంటే ముందు ఆ బిగువును జయించాలి. మారేది పైనున్న పలుచని పొర మాత్రమే, లోపలి గాజు మొదట పోసినట్టే ఉంటుంది.