పీచంతా గేదెకి, పిండంతా మనకి: మలబద్ధకంతో ఏళ్ళుగా బాధపడేవారి కోసం



ఈసారి వీడియోలో పంట సంగతి పక్కనపెట్టి పొట్ట సంగతి మాట్లాడుకున్నాం. వీడియో చూసే తీరిక లేనివారి కోసం ముఖ్యమైన విషయాలన్నీ ఇక్కడ రాస్తున్నాం. పొలంలో తెగులు కనిపిస్తే ఆకు కోసుకెళ్ళి నలుగురికీ చూపిస్తాం. కానీ మూడు రోజులుగా దొడ్డికి సాఫీగా అవ్వట్లేదని ఎవరికి చెప్పుకుంటామండి? మందుల షాపుకెళ్ళి, గొంతు తగ్గించి ఓ మాత్ర అడిగి తెచ్చుకుంటాం. పిఠాపురం చుట్టుపక్కల ఊళ్ళలో ఇలా గుట్టుగా ఏళ్ళు నెట్టుకొస్తున్నవాళ్ళు ఇంటికొకరు ఉంటారంటే ఆశ్చర్యం లేదు.

ఎంతవరకు మామూలు?

రోజూ ఒకసారి అయి తీరాలన్న రూలేం లేదు. రోజుకి మూడుసార్లు వెళ్ళేవారు, రెండు రోజులకొకసారి వెళ్ళేవారు కూడా ఆరోగ్యంగానే ఉంటారు. వారానికి మూడుసార్ల కన్నా తక్కువ అవ్వడం, మేక పెంటికల్లా గట్టిగా రావడం, గట్టిగా ముక్కాల్సి రావడం, వెళ్ళొచ్చినా ఇంకా మిగిలిపోయినట్టు ఉండటం: ఇలాంటివి నెలల తరబడి ఉంటే దాన్ని దీర్ఘకాలిక మలబద్ధకం అంటారు.

లోపల జరిగేది రైతుకి తేలిగ్గానే అర్థమవుతుంది. పెద్దపేగు పని నీటిని పీల్చుకోవడం. మలం అక్కడ ఎంత ఎక్కువసేపు ఆగితే అంత ఎండిపోతుంది. వేసవిలో కాలవ కట్టేశాక బోదెలో బురద పెళ్ళలు కడుతుంది చూడండి, అలాగన్నమాట. పీచు ఆ నీటిని పట్టి ఉంచుతుంది. మనం నేలమీద ఆచ్ఛాదన వేసి తేమ నిలుపుకుంటున్నాం కదా, పేగులో పీచు చేసే పని కూడా ఇంచుమించు అదే.

పొలం దాటాక, మిల్లు దగ్గర

మనది వరి దేశం. ఏలేరు ఆయకట్టయినా, గోదావరి కాలవల కిందైనా పండేది వరే, మూడు పూటలా కంచంలోకి వచ్చేదీ వరే. ఒకప్పుడు రోకలితో దంచుకున్న బియ్యం మీద కొంత తవుడు మిగిలేది. ఇప్పుడు మిల్లులో తెల్లగా మెరిసేదాకా పాలిష్ పడుతున్నాం. తవుడు గేదెల కుడితిలోకో, నూనె ఫ్యాక్టరీకో పోతోంది. పీచంతా గేదెకి, పిండంతా మనకి!

ఇక్కడ ప్రకృతి వ్యవసాయం చేసేవాళ్ళం ఒక్కటి గుర్తుపెట్టుకోవాలి. జీవామృతంతో దేశవాళీ వరి పండించామని సంబరపడి, తీసుకెళ్ళి మూడు పాలిష్‌లు పట్టిస్తే పీచు విషయంలో ఆ బియ్యానికీ బజారు బియ్యానికీ పెద్ద తేడా ఉండదు. ఎర్రబియ్యం, నల్లబియ్యం రంగు ఉండేది కూడా ఆ పైపొరలోనే. రంగు పోయిందంటే పీచూ పోయినట్టే. ప్యాకెట్లలో తెల్లగా వచ్చే సిరిధాన్యాలకీ ఇదే వర్తిస్తుంది.

ఓ కంచం లెక్క

పెద్దవాళ్ళకి రోజుకి కనీసం 25 గ్రాముల పీచు కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన పట్టికల ప్రకారం 100 గ్రాముల పాలిష్ బియ్యంలో పీచు సుమారు 2.8 గ్రాములు, ముడి బియ్యంలో 4.4 గ్రాములు. అంటే రోజుకి 400 గ్రాముల తెల్లబియ్యం వండుకు తిన్నా వచ్చేది 11 గ్రాములే. కడుపు నిండుతుంది, పేగుకి మాత్రం చాలదు.

మరి ఖరీదైనవి కొనాలా? అక్కర్లేదండి. వరి కోశాక మన చేలల్లోనే పెసలు వేస్తాం కదా. పొట్టుతో ఉన్న పెసలు 50 గ్రాముల్లో ఎనిమిదిన్నర గ్రాముల పీచు ఉంటుంది. అంటే పొద్దున్నే పొట్టు తియ్యని పెసరట్టు. ఒక జామకాయ, 100 గ్రాములది, మరో ఎనిమిదిన్నర. తోటకూర 100 గ్రాములైతే నాలుగు పైనే. అన్నంతో కలిపి లెక్కేస్తే 32 గ్రాములు దాటిపోయింది! మునగాకు, అరటి దూట, ఉలవలు, శీతాకాలంలో తాటి తేగలు, ఇవన్నీ మన గట్ల మీదా, పెరట్లోనూ ఉన్నవే.

చేతిలో ఉన్న మార్పులు

1. పీచు ఒక్కసారిగా పెంచొద్దు. గ్యాస్ పట్టేసి, "ఇది నాకు పడదు" అని మానేస్తారు. రెండు మూడు వారాల్లో కొద్దికొద్దిగా పెంచండి. ముందు సింగిల్ పాలిష్ బియ్యానికి రండి, తర్వాత ఒక పూట ముడి బియ్యం చూడండి.

2. పీచుతోపాటు నీళ్ళు తాగాలి. ఎండలో పనిచేసేవారికి ఇంకా ఎక్కువ కావాలి. గుండె, కిడ్నీ జబ్బులున్నవారు మాత్రం నీళ్ళయినా, ఆహారంలో మార్పులైనా డాక్టరుని అడిగే చెయ్యాలి.

3. తిన్న తర్వాత పెద్దపేగులో కదలిక పెరుగుతుంది. పొద్దున టిఫిన్ చేసిన అరగంటలోపు వెళ్ళి ఓ పది నిమిషాలు కూర్చోండి. ఫోన్ బయటే పెట్టండి. బలవంతంగా ముక్కొద్దు.

4. గొంతుకు కూర్చోవడం మంచిది. అలా కూర్చుంటే మలద్వారం దగ్గర పేగు వంపు సరళమవుతుంది. కొత్త ఇళ్ళలో కమోడ్ ఉంటే కాళ్ళ కింద చిన్న పీట వేసుకుంటే చాలు.

5. వచ్చినప్పుడు ఆపుకోవద్దు. పదేపదే ఆపుకుంటే పేగు ఇచ్చే ఆ కబురు మందగిస్తుంది.

ఈ చివరిది చెప్పినంత తేలిక కాదు, ముఖ్యంగా ఆడవాళ్ళకి. నాట్లప్పుడు, కలుపు తీతప్పుడు పొద్దున్నే చేలోకి దిగిన కూలీలకి చుట్టూ నీళ్ళు, కనుచూపు మేర చాటు ఉండదు. అందుకే నీళ్ళు తాగడమే తగ్గించేస్తారు. సాయంత్రం దాకా ఆపుకుంటారు. ఏళ్ళ తరబడి ఇలా చేసినవాళ్ళకి "పీచు తినమ్మా" అని చెబితే సరిపోతుందా? పొలం ఉన్న ప్రతి రైతూ మోటారు షెడ్డు పక్కన ఓ మరుగుదొడ్డి, కనీసం తలుపున్న తడికల చాటు, తాగే నీళ్ళ క్యాను ఏర్పాటు చెయ్యాలి. భూమికి జీవం పోస్తున్నామని చెప్పుకునే మనం ఆ భూమిలో పనిచేసేవాళ్ళకి ఈ మాత్రం చెయ్యలేమా?

మందుల మాట

ఇసబ్గోల్ పొట్టు కూడా పీచే. పెద్ద గ్లాసుడు నీళ్ళతో తీసుకోవాలి, పొడిగా మింగితే గొంతులో అడ్డం పడే ప్రమాదం ఉంది. ఆముదం, సునాముఖి, ఎనిమా ఎప్పుడైనా అవసరానికి సరే, సొంతంగా రోజువారీ అలవాటు చేసుకోవద్దు. నీటిని పేగులో నిలిపే సిరప్‌లు, పౌడర్లు ఉన్నాయి. డాక్టరు సలహాతో వాటిని ఎక్కువ కాలం కూడా వాడుకోవచ్చు, అందులో నామోషీ ఏం లేదు.

మీరు వాడే మందులే కారణం కావచ్చు. ఐరన్ మాత్రలు, కాల్షియం, కొన్ని నొప్పి మాత్రలు, కొన్ని బీపీ మాత్రలు మలాన్ని గట్టిపరుస్తాయి. ముఖ్యంగా గర్భిణులు ఐరన్ మాత్ర మానెయ్యొద్దు, ఏఎన్ఎం గారికి చెప్పండి, దారి చూపిస్తారు. థైరాయిడ్, షుగరు కూడా పరీక్ష చేయించుకోవాలి. ఇంకొందరికి ముక్కేటప్పుడు వదులవ్వాల్సిన కండరాలు బిగుసుకుంటాయి. అలాంటివారికి పీచు ఎంత పెంచినా పని జరగదు, పెద్ద డాక్టరు దగ్గర శిక్షణ అవసరం.

ఇలా ఉంటే ఆగొద్దు

మలంలో రక్తం, నల్లటి మలం, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తహీనత, యాభై దగ్గరపడ్డాక కొత్తగా మొదలైన మలబద్ధకం, ఇంట్లో ఎవరికైనా పెద్దపేగు క్యాన్సర్ వచ్చి ఉండటం: వీటిలో ఏదున్నా ఇంటి వైద్యం ఆపి పరీక్ష చేయించుకోండి. పొట్ట ఉబ్బి, వాంతులవుతూ, గ్యాస్ కూడా పోకపోతే అది అత్యవసరం, ఆ గంటలోనే బయల్దేరాలి.

రక్తం పడితే "మొలలే కదా" అని బస్టాండు గోడమీద బోర్డు చూసి వెళ్ళిపోతాం. చాలాసార్లు మొలలే అయ్యుంటాయి. కానీ క్యాన్సర్ కూడా మొదట్లో అలాగే కనిపిస్తుంది. డాక్టరు వేలు పెట్టి చూసే పరీక్ష ఒక్క నిమిషం పని. దానికి సిగ్గుపడి నెలలు పోగొట్టుకోవద్దండి. ముందు పిఠాపురం ప్రభుత్వాసుపత్రికి వెళ్ళండి, అవసరమైతే కాకినాడ జీజీహెచ్‌కి రాయించుకోండి.

ఈసారి మిల్లుకెళ్ళినప్పుడు "తెల్లగా పట్టు" అనకుండా "ఒక్క పట్టు చాలు" అనండి. ఈ వీడియో ఇంట్లో పెద్దవాళ్ళకి చూపించండి, ఆడవాళ్ళకి తప్పకుండా చూపించండి. మీ గట్టు మీద ఏ ఆకుకూర పెంచుతున్నారో కింద రాయండి, వచ్చే వీడియోలో విత్తనాల సంగతి మాట్లాడుకుందాం. ఉంటాం అండి.