తుంగభద్ర ఎండితే బెస్తల పొయ్యి రాజేదెట్లా?

ఆదోని, ఎమ్మిగనూరు పేరు చెబితే పత్తి, మగ్గాలు, కరువు, సుగ్గికి పోయే కూలీలు గుర్తొస్తారు. ఈ ప్రాంతానికి ఉత్తరాన తుంగభద్ర పారుతుంది. కోసిగి, మంత్రాలయం, నందవరం మండలాల్లోని ఏటి ఒడ్డు ఊళ్లలో ఆ నీటినే నమ్ముకున్న బెస్తలున్నారు. రైతుల కష్టాలు రాసేచోట వీళ్ల మాట ఎప్పుడో గానీ రాదు.

2009 అక్టోబరులో మంత్రాలయాన్ని ముంచిన ఏరు ఇదే. వేసవిలో నీళ్లు తగ్గితే బండలు తేలి, ఇసుక మేటల నడుమ మడుగులే మిగులుతాయి. చేపంతా అక్కడికే చేరుతుంది. చూసేవాళ్లకు ఇది బెస్తల సుగ్గి కాలమనిపిస్తుంది. మొదట కొన్నాళ్లు కొరమీను, వాలుగ, జెల్ల బాగానే పడతాయి కూడా. తర్వాత మడుగు ఖాళీ. నీళ్లు వేడెక్కి, ఊపిరాడక మిగిలిన చేప తేలిపోతుంది. పట్టిన చేపైనా ఎండకు నిలవదు. ఐసు లేనిచోట పొద్దెక్కకముందే అడిగిన ధరకు ఇచ్చుకోవాల్సిందే. వలకో, పుట్టికో అప్పు తెచ్చుకున్నవాడికి ఆ ధర చెప్పేది అప్పిచ్చిన వ్యాపారే.

ఏరు ఎండటం ఒక్క వానదేవుడి పనే కాదు. 1953లో హోస్పేట దగ్గర డ్యాంలో నీళ్లు నిలిపినప్పటి నుంచి దిగువకు నీళ్లెప్పుడు రావాలో పైవాళ్లే తేలుస్తారు. సుమారు 132 టి.ఎం.సి.లు పట్టిన డ్యాం పూడికతో 105కు తగ్గింది. 2024 ఆగస్టులో 19వ గేటు కొట్టుకుపోయింది. కె.సి. కాలువకో, రాజోలిబండకో కావాలంటే నదిలోకి నీళ్లు వదులుతారు. అవి పొలానికీ, తాగటానికీ కావాల్సిన నీళ్లే, కాదనం. మరి మడుగులు బతకడానికి ఆ లెక్కలో చోటెక్కడ?

ఇక కొత్తనీరు సంగతి. చలిదేశాల్లో సాల్మన్ చేప సముద్రం నుంచి ఏటికి ఎదురీదొచ్చి గుడ్లు పెడుతుంది. మన బొచ్చె, రోహు కూడా నిలవ నీళ్లలో గుడ్లు పెట్టవు, వరద పారాల్సిందే. అప్పుడు గుడ్ల చేపను పడితే వచ్చే ఏడు వల ఖాళీయే. ఇది బెస్తకు ఎవరూ చెప్పనక్కర్లేదు. కానీ వేసవంతా పస్తులున్న ఇల్లు కొత్తనీటి వేళ వల ఎట్లా చాలిస్తుంది?

సముద్రంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. ఆ కాలానికి మన రాష్ట్రంలో మత్స్యకార కుటుంబానికిచ్చే సాయాన్ని 2025లో 20 వేల రూపాయలు చేశారు. మంచిదే. అక్కడ ప్రభుత్వం వేట ఆపిస్తుంది, ఇక్కడ ఏరే ఆపేస్తుంది. కడుపు ఇద్దరిదీ ఒకటే అయినప్పుడు సాయం ఒకరికేనా?

అందుకే అడగాల్సినవి ఇవి: ఏటి బెస్తలకు వేసవి భృతి ఇవ్వాలి. అది ఇచ్చి, గుడ్ల కాలంలో వేట ఆపించాలి. మడుగుల్లోకి కాస్త నీళ్లు వదలాలి. ఎమ్మిగనూరు, ఆదోనిలో సొసైటీల ద్వారా ఐసుతో అమ్మకం ఏర్పాటు చేయాలి. జిలెటిన్ పేల్చి, మందు కలిపి చేపలు పట్టడం 1897 చట్టం నాటి నుంచే నేరం. దాన్ని అమలు చేయాలి.

వల అటకమీద పెట్టిన బెస్త కూడా గుంటూరు మిరపచేలకు పోయే కూలీయే. వ్యవసాయ కార్మిక సంఘాలు ఆయన కోర్కెలనూ తమ జెండా కింద చేర్చుకోవాలి. పుట్టి ఒకడు తోస్తే సుడిలోనే తిరుగుతుంది, నలుగురు తెడ్లేస్తే ఒడ్డుకు చేరుతుంది.