దద్దుర్లకు దోషి ఎవరు?

జ్వరానికి పెన్సిలిన్ జాతి మందు వేసుకున్నాక కొందరికి ఒంటిమీద దద్దుర్లు లేస్తాయి. "మందు పడలేదు" అంటారు పెద్దవాళ్లు. పడకపోవడమంటే ఏమిటో ఎప్పుడైనా ఆలోచించారా?

హైదరాబాదు హైటెక్ సిటీలో ఏ ఆఫీసుకు వెళ్లినా గేటు దగ్గర కాపలాదారు గుర్తింపు కార్డు చూస్తాడు. మన శరీరంలో రోగనిరోధక వ్యవస్థ పనీ ఇదే. పెన్సిలిన్ అణువు చాలా చిన్నది. ఒంటరిగా వస్తే ఈ కాపలాదారు కంట పడదు. కాని అందులో నాలుగు పరమాణువుల వలయం ఒకటుంది. అది తెగితే, అణువు రక్తంలోని ఆల్బుమిన్ వంటి మాంసకృత్తులకు అతుక్కుంటుంది. ఉద్యోగి కార్డు మీద ఎవరో కొత్త బొమ్మ అంటించినట్టన్నమాట! అప్పుడు మనవాడే పరాయివాడిలా కనిపిస్తాడు. ఇలాంటి చిన్న అణువులకు 'హాప్టెన్' అని పేరు పెట్టినవాడు రక్తపు గ్రూపులను కనుగొన్న కార్ల్ లాండ్‌స్టీనర్.

ఇక దాడి రెండు రకాలు. మొదటిది ఐజిఇ అనే ప్రతిరక్షకాల వల్ల. వీటిని 1966లో ఇషిజాకా దంపతులు కనుగొన్నారు. ఇవి చర్మంలోని మాస్ట్ కణాల మీద కాచుకుని ఉంటాయి. మందు మళ్లీ రాగానే ఆ కణాలు హిస్టమిన్‌ను వెదజల్లుతాయి. నిమిషాల్లో, లేదా గంటా రెండు గంటల్లో, దురదతో దద్దుర్లు లేస్తాయి. ఊపిరి ఆడకపోతే ప్రాణాపాయమే. వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి. రెండోది టి కణాల పని. ఇవి నిదానస్తులు, ఎర్రని మచ్చలు కొన్ని రోజులకు గాని కనిపించవు.

అయితే ప్రతి దద్దురుకూ మందే దోషి కాదు. పిల్లల్లో వైరస్ జ్వరాలే ఒంటిమీద మచ్చలు తెస్తాయి. ఎప్‌స్టీన్-బార్ వైరస్ సోకినవారు అమాక్సిసిలిన్ వేసుకుంటే మచ్చలు రావడం మామూలే. అమెరికాలో నూటికి పదిమంది తమకు పెన్సిలిన్ పడదంటారు. పరీక్షిస్తే, వారిలో పదింట తొమ్మిదిమందికి పైగా ఆ మందును హాయిగా తట్టుకోగలరని తేలింది!

"పడితే ఏం, పడకపోతే ఏం? వేరే మందు లేదా?" అంటారేమో. ఉంది. కాని అది ఒక్కోసారి అంత బాగా పనిచేయదు, ఖరీదూ ఎక్కువ. పైగా అవసరం లేనిచోట బలమైన మందులు వాడితే సూక్ష్మజీవులు వాటికి లొంగకుండా పోతాయి.

అందుకే డాక్టరు ఆరా తీస్తాడు: ఏ మందు? వేసుకున్న ఎంతసేపటికి? అప్పుడున్న జబ్బేమిటి? అవసరమైతే చర్మం మీద చుక్క వేసి, సూదితో గీరి, పావుగంట తర్వాత చూస్తాడు. ఆపైన తన కళ్లెదుటే కొద్ది మోతాదు ఇస్తాడు. ఈ పరీక్ష ఇంట్లో మీరు చేసుకునేది కాదు సుమా! మీరు చేయవలసింది ఒక్కటే: మందు పేరు, తేదీ, మచ్చలు ఎప్పుడు వచ్చాయో ఒక కాగితం మీద రాసి దాచండి. దోషిని పట్టుకోవడానికి డాక్టరుకు అదే మొదటి ఆధారం.