మోల్: త్రాసుకు, సంఖ్యకు నడుమ వంతెన

రసాయనశాస్త్రమున విద్యార్థులు తరచుగా తడబడు చోటు కఠినమైన సమీకరణము కాదు. గ్రాములను పరమాణువులుగాను, పరమాణువులను గ్రాములుగాను మార్చు చిన్న లెక్క. సూత్రము కంఠస్థమై యుండును. కాని గుణించవలెనా, భాగించవలెనా అను సందేహము కలమును ఆపివేయును. మోల్ అనగానేమో మనసునకు పట్టినచో ఈ సందేహము దానంతటదియే తొలగును.

పరమాణువు కంటికి కనబడదు. వేళ్ళమీద లెక్కించుటకు వీలుకాదు. ప్రయోగశాలలో మన చేతనున్నది త్రాసు. కాని రసాయనచర్యలో పరమాణువులు కలియునది సంఖ్యను బట్టి, తూకమును బట్టి కాదు. కావున తూచి సంఖ్యను తెలిసికొను ఉపాయము కావలెను. ఆ ఉపాయమే మోల్.

హైదరాబాదు లాడ్ బజారులో గాజులను డజను లెక్కన అమ్ముదురు. సన్నగాజులైనను, లక్కగాజులైనను డజనుకు 12 మాత్రమే. తూకములు మాత్రము వేరు. మోల్ కూడ అట్టి లెక్కయే. అందు 12కు బదులు 6.022 × 10²³ కణములుండును. దీనినే అవొగాడ్రో సంఖ్య అందురు. ఒకే ఉష్ణోగ్రత, పీడనముల వద్ద సమాన ఘనపరిమాణముగల వాయువులలో అణువుల సంఖ్య సమానమని 1811లో ప్రతిపాదించిన ఇటలీ శాస్త్రజ్ఞుని పేర దీనిని పిలువవలెనని 1909లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జీన్ పెరిన్ సూచించెను. 2019 మే 20 నుండి ఈ సంఖ్యను ఖచ్చితముగా 6.02214076 × 10²³ అని స్థిరపరచి, దానితోనే మోల్‌ను నిర్వచించుచున్నారు.

పరమాణుభారమును గాని, అణుభారమును గాని గ్రాములలో తీసికొనినచో అది ఒక మోల్ పదార్థము. గ్రాముల నుండి మోల్‌లకు పోవుటకు ఆ భారముతో భాగించవలెను. మోల్‌ల నుండి కణములకు పోవుటకు అవొగాడ్రో సంఖ్యతో గుణించవలెను. తిరుగు ప్రయాణమున ఈ రెండును తారుమారగును.

ఇనుము పరమాణుభారము 56. కావున 5.6 గ్రాముల ఇనుము 0.1 మోల్, అందలి పరమాణువులు 6.022 × 10²². ఇక వెనుకకు వత్తము. 3.011 × 10²³ సోడియం పరమాణువులు 0.5 మోల్. సోడియం పరమాణుభారము 23 కనుక వాటి భారము 11.5 గ్రాములు.

ఒక చిక్కుప్రశ్న: 32 గ్రాముల ఆక్సిజన్ వాయువులో పరమాణువులెన్ని? 6.022 × 10²³ అని వ్రాసి మార్కులు పోగొట్టుకొనువారు పెక్కురు. అది అణువుల సంఖ్య. ఒక్కొక్క అణువున రెండు పరమాణువులున్నవి గనుక సరియైన జవాబు 1.2044 × 10²⁴. లెక్క మొదలిడుటకు ముందే ‘నేను లెక్కించునది అణువులనా, పరమాణువులనా?’ అని ప్రశ్నించుకొనవలెను.

ఈ అభ్యాసము పరీక్షతో ముగియదు. ఆసుపత్రిలో రోగి సిరలోనికి ఎక్కించు సాధారణ సెలైన్‌లో లీటరుకు 9 గ్రాముల ఉప్పుండును. ఉప్పు ఫార్ములా భారము 58.5. భాగించిన సుమారు 0.154 మోల్, అనగా 154 మిల్లీమోల్‌లు వచ్చును. దశాంశబిందువు ఒక్క స్థానము కుడికి జరిగినచో పదిరెట్ల ఉప్పు రక్తమున చేరును. నేడు నోటుపుస్తకములోని తప్పునకు ఎఱ్ఱసిరా గీత మాత్రమే శిక్ష. రేపు ఔషధము కలుపునపుడు జరుగు తప్పునకు శిక్ష రోగి అనుభవించును. కావున ప్రతి మెట్టునందును ప్రమాణములు వ్రాసి, వచ్చిన జవాబును వెనుకకు నడిపించి సరిచూచుకొనుట నేడే అలవరచుకొనవలెను.