నేరం మనవాళ్లదైతే...

ఊరియా మరణం పైపైన చూస్తే యుద్ధంలో జరిగిన మరణమే. దావీదు ఉత్తరం రాశాడు, యోవాబు దాన్ని అమలు చేశాడు, పోరు తీవ్రంగా ఉన్నచోట ఒక సైనికుడు కూలిపోయాడు. సైన్యం లెక్కల్లో అది వీరమరణం. నాతాను ప్రవక్త వెళ్లి రాజు ఎదుట నిలబడకపోయి ఉంటే ఆ లెక్క అలాగే ఉండిపోయేది. యుద్ధం ముసుగులో జరిగిన హత్యను హత్య అనడానికి ఎవరో ఒకరు ముందుకు రావాలి. ఆ మాట శత్రువు అంటే ఎవరూ నమ్మరు. సొంత మనిషే అనాలి. అందుకే అది అంత కష్టం.

ఆధునిక కాలంలో అలాంటి పని ముప్పై ఏళ్లు కూడా నిండని ఒక అమెరికన్ కెప్టెన్ మీద పడింది. ఆయన పేరు ఆబ్రీ డానియెల్. సైన్యంలోని న్యాయ విభాగంలో లాయరు. ఆ విభాగంలోని లాయర్లు కూడా యూనిఫారం వేసుకున్న అధికారులే, నిందితుడు సెల్యూట్ చేసే జెండాకే వాళ్లూ సెల్యూట్ చేస్తారు.

1968 మార్చి 16 ఉదయం దక్షిణ వియత్నాంలోని సోన్ మై అనే గ్రామంలోకి చార్లీ కంపెనీ అనే అమెరికన్ దళం దిగింది. ఆ గ్రామంలోని ఒక పల్లె పేరే మై లాయ్. శత్రుసేన ఉంటుందని వెళ్లినవాళ్లకు వంట చేసుకుంటున్న ఆడవాళ్లు, ముసలివాళ్లు, పిల్లలు కనిపించారు. వాళ్ల మీద ఎదురు కాల్పులు జరగలేదు. అయినా కొన్ని గంటల్లో పల్లె శవాల దిబ్బయింది. చాలామందిని ఒక కాలువ దగ్గరకు తోలి, అందులోకి దింపి కాల్చారు. పై నుంచి హెలికాప్టర్‌లో చూసిన హ్యూ థాంప్సన్ అనే పైలట్ ఊరివాళ్లకూ తన దేశ సైనికులకూ మధ్య హెలికాప్టర్ దించి కొందరిని కాపాడాడు. ఆయన పై అధికారులకు ఫిర్యాదు కూడా చేశాడు. కానీ సైన్యం బయటకు చెప్పిన లెక్క వేరు: చనిపోయిన శత్రువులు 128 మంది, దొరికిన ఆయుధాలు 3. నూట ఇరవై ఎనిమిది మంది దగ్గర మూడే ఆయుధాలా? ఆ అనుమానం రావలసినవాళ్లకు రాలేదో, వచ్చినా నోరు మెదపలేదో గానీ ఏడాదిపాటు ఆ లెక్కే చెల్లింది.

రాన్ రైడెన్‌అవర్ అనే మాజీ సైనికుడు తోటివారి నోట ఈ సంగతి విని, 1969 మార్చిలో ప్రభుత్వంలోని పెద్దలకు, చట్టసభ సభ్యులకు ఉత్తరాలు రాశాడు. దాంతో దర్యాప్తు మొదలైంది. 1969 సెప్టెంబర్ 5న లెఫ్టినెంట్ విలియం కాలీ మీద హత్యాభియోగాలు నమోదయ్యాయి. మర్నాడు అతడు సైన్యం నుంచి విడుదల కావలసి ఉంది. ఒక్కరోజు ఆలస్యమైతే కోర్టు మార్షల్‌కు అతడు దొరికేవాడు కాదు. అప్పటికే ఉద్యోగం వదిలి ఇళ్లకు వెళ్లిపోయిన చాలామంది సైనికులు ఆ సందులోంచే తప్పించుకున్నారు.

జార్జియా రాష్ట్రంలోని ఫోర్ట్ బెన్నింగ్‌లో 1970 నవంబర్‌లో విచారణ మొదలైంది. ప్రాసిక్యూటర్ కెప్టెన్ డానియెల్. తీర్పు చెప్పవలసిన జ్యూరీలో ఆరుగురు సైనికాధికారులు, వారిలో ఐదుగురు వియత్నాంలో పనిచేసి వచ్చినవారే. డానియెల్ పని ఎంత చిక్కుతో కూడుకున్నదో ఆలోచించండి. శవాలు లేవు, పోస్ట్‌మార్టం లేదు, చనిపోయినవారి పేర్లు కూడా కాగితం మీద లేవు. అభియోగ పత్రంలో వారిని ‘ప్రాచ్య దేశపు మానవులు’ అని మాత్రమే రాశారు. చూసినవాళ్లలో చాలామంది చంపినవాళ్లే. నోరు విప్పితే తమ మెడకే చుట్టుకుంటుందని భయం.

పాల్ మీడ్లో అనే యువకుడినే తీసుకోండి. కాలీతోపాటు నిలబడి కాల్చినవాడు, ఏడుస్తూనే కాల్చినవాడు. మర్నాడే మందుపాతర మీద అడుగుపెట్టి పాదం పోగొట్టుకున్నాడు. దేవుడు నన్ను శిక్షించాడు, నిన్నూ శిక్షిస్తాడని కాలీతో అప్పుడే అన్నాడు. కోర్టులో మాత్రం సాక్ష్యం చెప్పనని మొదట మొండికేశాడు. అతని మాటలను అతని మీదే వాడబోమని హామీ ఇచ్చాక గానీ బోనెక్కలేదు. ఒక హంతకుడికి అభయమిచ్చి మరో హంతకుడిని పట్టుకోవడం న్యాయమేనా అని అడగవచ్చు. వేరే దారి లేదు మరి. పైలట్ థాంప్సన్ కూడా వచ్చి చూసింది చెప్పాడు.

కాలీ వాదన తెలిసిందే. పై నుంచి వచ్చిన ఆజ్ఞ పాటించాను, మగ, ఆడ, పిల్లలు అని విడదీసి చూడలేదు, అందరూ శత్రువులే అన్నాడు. నిజానికి అమెరికా సైన్యానికి 1863లోనే, లింకన్ ఆమోదంతో వచ్చిన యుద్ధ నియమావళి ఉంది. ఆయుధం పట్టినంత మాత్రాన మనిషి నైతిక బాధ్యత పోదనీ, ఎదుటి మనిషికీ దేవునికీ కూడా అతడు జవాబుదారీ అనీ అందులో ఉంది. దేవుని పేరు ప్రసంగ వేదిక మీద కాదు, సైనిక చట్టంలోనే ఉందన్నమాట!

కోర్టు లెక్క జాగ్రత్తగా చూడండి. 102 హత్యలని అభియోగం. జ్యూరీ పదమూడు రోజులు చర్చించి, 1971 మార్చి 29న కనీసం 22 హత్యలు రుజువయ్యాయని చెప్పింది. కాలువలో 70 మంది అన్నచోట 20, బాట పక్కన 30 అన్నచోట ఒకటి. తెల్లబట్టల్లో ఉన్న మనిషిది ఒకటి. రెండేళ్ల బిడ్డ విషయంలో హత్యాప్రయత్నం మాత్రమే రుజువైంది. సందేహానికి తావున్న ప్రతిచోటా నిందితుడికే మేలు జరిగింది. కాలీకి యావజ్జీవ శిక్ష పడింది.

అప్పుడు దేశం మండిపడింది, సైనికుల మీద కాదు, తీర్పు మీద. ఒక సర్వేలో 79 శాతం మంది తీర్పు తప్పన్నారు. కాలీని పొగుడుతూ, క్రైస్తవ సంఘాలు పాడుకునే బాణీలోనే ఒక పాట వచ్చి, పది లక్షలకు పైగా రికార్డులు అమ్ముడుపోయాయి. తర్వాత దేశాధ్యక్షుడైన, సండే స్కూల్ బోధకుడిగా మన సంఘాలకూ తెలిసిన జిమ్మీ కార్టర్ అప్పుడు జార్జియా గవర్నర్. ఆయన సైనికుల పేరిట ఒక దినం ప్రకటించి, కార్ల లైట్లు వేసుకుని నడపమన్నారు. జార్జియాలోనే జరిగిన ఒక సభలో ఒక సేవకుడైతే కాలీని యేసుక్రీస్తుతో పోల్చి, మరో సిలువ వద్దన్నాడు. ఈ సంగతి చదివినప్పుడల్లా మనసు కలుక్కుమంటుంది. ఏ నేరమూ చేయకుండా చంపబడినవారిని వెతికితే వాళ్లు ఆ కాలువలో ఉన్నారు గదా! అయితే జనం కోపంలో సగం న్యాయం ఉందని ఒప్పుకోవాలి. కాలీ పై అధికారులెవరికీ కోర్టులో శిక్ష పడలేదు, కిందివాడు ఒక్కడే దొరికాడు. ఆ సగం న్యాయాన్ని చూపించి మిగతా సగాన్ని, అంటే చనిపోయినవారిని, మరిచిపోవడం ఎంత సులువో!

ప్రజల గోల విని అధ్యక్షుడు నిక్సన్ ఏప్రిల్ 1న కాలీని జైలు నుంచి సొంత గదికి, గృహ నిర్బంధంలోకి మార్పించాడు. ఏప్రిల్ 3న కెప్టెన్ డానియెల్ ఆయనకు నేరుగా లేఖ రాశాడు. దేశ సైన్యాలన్నిటికీ సర్వాధిపతి అయిన మనిషికి ఒక చిన్న అధికారి రాసిన లేఖ అది. ఎదురుతిరగని, ఆయుధం లేని మగవాళ్లను, ఆడవాళ్లను, పసికందులను చంపడం చట్టవిరుద్ధమన్న ఈ కేసులోని నైతిక ప్రశ్న ఇంతమందికి కనిపించకపోవడం తనను దిగ్భ్రాంతికి గురిచేసిందని రాశాడు. అధ్యక్షుడి జోక్యంవల్ల న్యాయవ్యవస్థ మీద గౌరవం తగ్గిందని ఆయన ముఖం మీదే చెప్పాడు. రాజకీయ అవసరం కోసం దేశ నాయకులే ఈ విషయంలో రాజీపడితే అంతకంటే విషాదం లేదన్నాడు. లేఖ పత్రికల్లో అచ్చయింది.

దానివల్ల కాలీ తిరిగి జైలుకు వెళ్లాడా అంటే లేదు. శిక్ష మొదట ఇరవై ఏళ్లకు, తర్వాత పదేళ్లకు తగ్గింది. 1974లో బయటికొచ్చేశాడు. 2009లో ఒక క్లబ్బు సమావేశంలో మొదటిసారి బహిరంగంగా పశ్చాత్తాపం ప్రకటించి, 2024లో చనిపోయాడు.

సోన్ మైలో ఇప్పుడు స్మారక చిహ్నం ఉంది. అభియోగ పత్రంలో పేర్లు లేనివారికి అక్కడ పేర్లున్నాయి, వయసులున్నాయి. మొత్తం 504. వారిలో స్త్రీలు 182 మంది, 17 మంది గర్భిణులు. పిల్లలు 173 మంది. అందులో 56 మందికి ఐదు నెలలు కూడా నిండలేదు.